తరంగ పరిక్షేపణం - సమాంతర గణనం

కొండకు ఎదురుగా నిలిచి కేక వేస్తే అది ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. రాడార్ పనితీరు ఇంచుమించు అటువంటిదే. అది పంపిన రేడియో తరంగాలు వాహనాన్ని తాకి నలుదిశలా చెదిరిపోతాయి. దీనినే పరిక్షేపణం అంటారు. వెనుకకు మరలివచ్చిన కొద్దిపాటి తరంగాలను బట్టి వాహనపు ఉనికిని, దూరాన్ని, వేగాన్ని రాడార్ గ్రహిస్తుంది. ఏ ఆకృతి నుండి ఏ దిశకు ఎంత శక్తి మరలుతుందో ముందుగా గణించడమే ఇంజనీర్ల ముందున్న సమస్య.

ఈ గణనానికి మూలం 1865లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ప్రకటించిన విద్యుదయస్కాంత సిద్ధాంతం. గోళం వంటి సరళాకృతులకు తప్ప నిజమైన వాహనాలకు ఆ సమీకరణాలను కాగితంపై సాధించడం సాధ్యం కాదు. సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫిమ్‌త్సెవ్ అంచుల వద్ద తరంగాలు చెదిరే తీరును వివరిస్తూ 1962లో ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. దాని ఆధారంగా అమెరికాలోని లాక్‌హీడ్ సంస్థ నిపుణుడు డెనిస్ ఓవర్‌హోల్సర్ 1975 ప్రాంతంలో ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను రూపొందించాడు. వంపు తిరిగిన తలాలను లెక్కించే శక్తి నాటి కంప్యూటర్లకు లేదు. అందువల్ల 1977లో ఎగిరిన ‘హావ్ బ్లూ’, 1981లో ఎగిరిన ఎఫ్-117 విమానాలు చదునైన పలకలను అతికించినట్లు రూపొందాయి. విమానానికి తగినట్లు లెక్క సాగలేదు; లెక్కకు తగినట్లు విమానమే మారింది.

నేడు రాడార్ కార్లలోనూ ఉంది. ఎదుట అడ్డంకి ఉంటే గుర్తించి బ్రేకులు వేయడానికి అది తోడ్పడుతుంది. 77 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేసే ఈ రాడార్ల తరంగదైర్ఘ్యం సుమారు 4 మిల్లీమీటర్లు. 1966లో కేన్ యీ ప్రతిపాదించిన పద్ధతిలో స్థలాన్ని చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను క్షణక్షణానికీ లెక్కిస్తారు. తరంగదైర్ఘ్యానికి 10 గడుల చొప్పున, 4 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గల కారుకు దాదాపు 16,875 కోట్ల గడులు కావాలి. గడికి ఆరు సంఖ్యలు, సంఖ్యకు 4 బైట్లు అనుకొంటే, వాటిని నిలువ చేయడానికే సుమారు 4 టెరాబైట్ల మెమరీ అవసరం. సాధారణ కంప్యూటర్‌కు ఇది అలవి కాని పని.

ఒక్కరు నాటలేని మడిని పదిమంది వరుసగా నిలిచి నాటినట్లు, ఈ స్థలాన్ని ఖండాలుగా చేసి వేల ప్రాసెసర్లకు పంచుతారు. ఇదే సమాంతర గణనం. అయితే పంచడంతో పని ముగియదు. తరంగానికి ఎల్లలు లేవు. ఒక ఖండాన్ని దాటి పక్క ఖండంలో ప్రవేశిస్తుంది. కాబట్టి ఇరుగుపొరుగు ప్రాసెసర్లు అడుగడుగునా తమ సరిహద్దు విలువలను ఇచ్చిపుచ్చుకోవాలి. ఒకటి ఆలస్యమైతే తక్కినవి వేచి ఉండాలి. పనిలో పదోవంతు పంచడానికి వీలుకానిదైతే, ఎన్ని ప్రాసెసర్లను చేర్చినా వేగం పది రెట్లకు మించదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన సారాంశం ఇదే.

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్నకు సమాధానం రహదారిపైనే ఉంది. పెద్ద లారీ నుండి వచ్చే బలమైన ప్రతిధ్వని చాటున, దాని పక్కన నడిచే మనిషి నుండి వచ్చే క్షీణమైన ప్రతిధ్వని మరుగుపడవచ్చు. రాడార్ ఆ మనిషిని గుర్తించగలదో లేదో ప్రాణాలొడ్డి పరీక్షించరాదు. ముందు గణనం ద్వారా తెలుసుకొని, తరంగాలను పీల్చుకొనే గోడలు గల పరీక్షాశాలలో కొలిచి సరిచూడాలి. కొలతకు నిలిచిన లెక్కే నమ్మదగిన లెక్క.