ఖరీదైన క్రొత్త కారు ఎంత నిర్దోషముగా ఉండవలెను?

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమును దర్శించినవారు అక్కడి పసుపు వన్నె రోల్స్ రాయిస్ కారును చూచియే ఉందురు. అది 1912 నాటిది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున పురమాయించినది. 1911లో ఆయన కాలధర్మము చెందినందున దానిని ఎక్కు భాగ్యము ఆయనకు లేకపోయినది. విద్యార్థులతో కలిసి దానిని చూచుచుండగా ఒక పిల్లవాడు నన్ను అడిగినాడు: "సార్, ఇంత డబ్బు పోసి కొన్న బండిలో ఒక్క లోపం కూడా ఉండదు కదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఆ ప్రశ్న నాకు మా మేనమామను జ్ఞప్తికి తెచ్చినది.

మా మామ కడప జిల్లా నుండి కువైట్ వెళ్ళి ఇరువది రెండు సంవత్సరములు పరుల కార్లు నడిపినారు. తిరిగి వచ్చిన పిమ్మట, కూడబెట్టిన ధనములో పెద్ద భాగము వెచ్చించి తనకంటూ ఒక పెద్ద కారు కొన్నారు. డెలివరీ నాడు నన్నును వెంట తీసికొని పోయినారు. కారు చుట్టూ రెండు పర్యాయములు తిరిగి, వెనుక తలుపు వద్ద ఆగి, రంగులో ఆవగింజంత పొక్కును వ్రేలితో తడిమినారు. "దుమ్ము సార్, తుడిస్తే పోతుంది" అన్నాడు షోరూము యువకుడు. తుడిచినా పోలేదు. గంటన్నర వాదన జరిగినది. మామ గొంతు హెచ్చినది, నలుగురూ చేరినారు. తుదకు ఆ పొక్కుతోనే కారు ఇంటికి వచ్చినది.

పదునైదు దినములకు తొలి వాన కురిసినది. డ్రైవరు కాళ్ళ క్రింది తివాచీ తడిసి ముద్దయినది. షోరూములో చెప్పగా, "ఏ కారూ నూటికి నూరు పాళ్ళు ఉండదు భాయ్‌సాబ్, ఆరబెట్టండి" అని పంపివేసినారు. మామ మారు మాటాడక తిరిగివచ్చినారు. కారణమడిగితే, "పొక్కు కోసం అంత గోల చేసినవాణ్ణి, మళ్ళీ ఏ ముఖం పెట్టుకొని అడిగేది రా?" అన్నారు. క్షమింపదగిన దోషమునకై వాదించి, క్షమింపరాని దోషము దగ్గర ఆయన నోరు పెగలలేదు. ఏది ఏదో తెలియకపోవుటయే ఇందుకు మూలము. కావున విషయమును కొంత వివరముగా చూతము.

మొదట లెక్క. చిన్న మరమేకులతో సహా లెక్కించినచో ఒక కారులో సుమారు 30,000 భాగములు ఉండునని టయోటా సంస్థ చెప్పుచున్నది. పదివేల భాగములలో ఒక్కటి మాత్రమే చెడుగా తయారగునంతటి నైపుణ్యము ఉన్నదనుకొందము. మన పరీక్షలలో అది నూటికి 99.99 మార్కులతో సమానము. అయినను సగటున కారుకు మూడు చెడు భాగములు వచ్చును! 1986లో అమెరికాలోని మోటరోలా సంస్థ "సిక్స్ సిగ్మా" అను పద్ధతిని ప్రవేశపెట్టినది. పది లక్షల అవకాశములకు 3.4 దోషములకు మించరాదన్నది దాని కొలమానము. ఆ కఠిన నియమమును ఒక్కొక్క భాగమునకు అన్వయించినను, పది కార్లలో ఇంచుమించు ఒకదానిలో ఏదో ఒక భాగము తప్పుగా ఉండవచ్చును. నిర్దోషమైన కారు ఉండనే ఉండదని దీని అర్థము కాదు. కాని ఇంటికి వచ్చిన కారు అట్టిదే యని ముందుగా ఎవ్వరును ప్రమాణము చేయజాలరు.

అట్లైనచో కర్మాగారము చేయు పని యేమి? దోషము పుట్టిన చోటనే దానిని పట్టుట. ఈ భావము కార్ల లోకమునకు మగ్గము నుండి వచ్చినదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమూ, కొంత ఆనందమూ కలిగినవి. జపానుకు చెందిన సకిచి టొయోడా 1924లో రూపొందించిన స్వయంచాలక మగ్గము, నూలుపోగు తెగిన తక్షణము తనంత తానే ఆగిపోవును. పోగు తెగిన పిమ్మట నేసిన ప్రతి జానెడు బట్టయు వ్యర్థమే యని చేనేత ఇండ్లలో పెరిగిన మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆయన కుమారుడు కిచిరో స్థాపించిన కార్ల సంస్థలో ఈ సూత్రమే త్రాడు రూపము దాల్చినది. తప్పు కనిపించిన కార్మికుడు తలపై నున్న త్రాడును లాగును. వెంటనే సరిదిద్దుటకు వీలుకానిచో వరుస యంతయు నిలిచిపోవును. అయినను మనిషి కన్ను కన్నే. కొన్ని దోషములు దాటిపోవును.

ఇక రంగు విషయము. కారు పైనున్న రంగు ఒక్క పొర కాదు. తుప్పును ఆపు పూత, దానిపై ప్రైమరు, ఆపై వర్ణము, అన్నిటికంటె పైన గాజువంటి పారదర్శకపు పూత. ఇవన్నియు కలిసి సాధారణముగా 100 నుండి 150 మైక్రానులు మాత్రమే. అనగా రెండు తల వెండ్రుకల మందము. ఆ తడి పూతపై ధూళికణము ఒక్కటి వాలినచో అది పొక్కుగా గట్టిపడును. నిపుణుడు దానిని నునుపు చేయగలడు. కాని ప్రతి పర్యాయము పై పూత కొంత అరిగిపోవును. తగాదా పెట్టుకొని తలుపు మొత్తమునకు మరల రంగు వేయించుకొన్నవారు, కర్మాగారపు ఓవెనులో ఆరిన మేలి పూతను వదలుకొని, తరచుగా అంతకంటె తక్కువ దానిని తెచ్చుకొందురు. తలుపుల నడిమి సందులును ఇటువంటివే. సందు కొన్ని మిల్లీమీటర్లు ఉండుట సహజము. పై నుండి క్రిందికి సమముగా ఉన్నదా, తలుపు ఒక్క మోపులో పడుచున్నదా అన్నదే చూడవలసినది.

ఖరీదు పెరిగిన కొలది లోపములు తగ్గవలెనని అందరమును అనుకొందుము. నిజము వేరు. అమెరికాలో జె.డి. పవర్ అను సంస్థ 1987 నుండి క్రొత్త కార్ల యజమానులను విచారించి, తొలి 90 దినములలో నూరు కార్లకు ఎన్ని సమస్యలు వచ్చినవో ప్రకటించుచున్నది. 2023లో ఆ సగటు 192, అనగా కారుకు దాదాపు రెండు. వాడుట కష్టముగా ఉన్న మీటలను గూర్చిన ఫిర్యాదులు కూడ ఇందులో చేరి ఉన్నవి. విశేషమేమనగా, ఆ సంవత్సరము విలాస శ్రేణి కార్లకు సామాన్య శ్రేణి కార్ల కంటె ఎక్కువ సమస్యలు నమోదైనవి. హెచ్చు ధనముతో మనము కొనునది ప్రధానముగా హెచ్చు వస్తువులను: తెరలు, రాడార్లు, తెరచుకొను పైకప్పు, ఆసనములలో మోటార్లు, వీటన్నిటిని కలుపు తీగలు. పాత అంబాసిడర్లో చెడుటకు వస్తువులే తక్కువ. ఉన్నవి మాత్రము నిష్ఠగా చెడిపోయెడివి, అది వేరే మాట.

మరి ఖరీదైన కారు నుండి ఆశింపదగినది ఏమున్నది? నా దృష్టిలో, లోపము బయటపడిన నాడు కంపెనీ ప్రవర్తించు తీరు. టయోటా వారి విలాస శాఖ లెక్సస్ 1989లో తన తొలి పెద్ద కారును అమెరికాలో విడుదల చేసినది. కొలది మాసములకే తీగలను గూర్చి, వేడెక్కిన బ్రేకు దీపమును గూర్చి రెండు ఫిర్యాదులు వచ్చినవి. రెండే రెండు! అప్పటికి అమ్ముడైన సుమారు 8,000 కార్లనూ వారు మరమ్మతుకు స్వీకరించినారు. యజమానుల ఇండ్ల నుండి కార్లను తీసికొని పోయి, బాగుచేసి, కడిగి తిరిగి అప్పగించినారు. ఇరువది దినములలో పని ముగిసినది. పరువు పోవలసిన సందర్భమున ఆ పేరునకు పరువు కలిగినది.

మన దేశమున కొనుగోలుదారుని కేమి రక్షణ ఉన్నది? 1982లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రము ఒక చట్టము చేసినది. అదే లోపమును నాలుగు పర్యాయములు బాగుచేసినను పోకున్నను, మరమ్మతుల వలన కారు ముప్పది దినములు మూలబడినను, మార్పిడి గాని సొమ్ము వాపసు గాని కోరుటకు అది దారి చూపినది. మనకు కార్లకై అట్టి ప్రత్యేక చట్టము లేదు. వినియోగదారుల రక్షణ చట్టము (1986లో వచ్చి, 2019లో మారినది) ఉన్నది. నాణ్యతలో ఏ కొరతయైనను "లోపము" క్రిందికే వచ్చునని అది విశాలముగా నిర్వచించుచున్నది. కాని 2006లో మారుతి ఉద్యోగ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, వారంటీ షరతు చెడిన భాగమును బాగుచేయుటకో మార్చుటకో పరిమితమైనప్పుడు కారునే మార్చి ఇమ్మనుట తగదన్నది. 2010లో ఫియట్ కారు వ్యాజ్యమున, తయారీలోనే దోషమున్నట్లు స్వతంత్ర నిపుణుడు తేల్చినచో ధర వాపసు ఇవ్వవలెనన్నది. రెండు తీర్పులనూ కలిపి చదివినచో, భాగపు దోషమునకు భాగము, పుట్టుకతో వచ్చిన దోషమునకు మూల్యము అని తేలుచున్నది. దానిని నిరూపించుటకు కాగితము కావలెను. నోటిమాట చెల్లదు.

కావున రంగులో పొక్కును, ఎక్కడో కిర్రుమను ప్లాస్టిక్కును, తెరపై తడబడు అక్షరములను ఒక కాగితముపై వ్రాసియిచ్చి, మొదటి సర్వీసులో చూడుడని మర్యాదగా చెప్పవచ్చును. బ్రేకు, స్టీరింగు, టైరు, ఇంధనపు వాసన, లోనికి వచ్చు నీరు: వీటిలో ఒక్కదానికైనను "అన్ని కార్లూ ఇంతే" అన్న జవాబును అంగీకరింపరాదు. నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. నేటి కార్లలో తివాచీ క్రింద తీగలూ, వాటి జోడింపులూ ఉండును. నేటి తేమ ఆరు మాసములకు తుప్పుగా మారి, అప్పుడు కారణము ఎవరికిని దొరకదు.

మామను నేను బలవంతముగా మరల షోరూమునకు తీసికొని పోయినాను. ఈసారి గొంతు హెచ్చలేదు. లోపము, తేదీ, కిలోమీటర్లు జాబ్ కార్డులో వ్రాయించి నకలు తీసికొన్నాము. మొదటిసారి ఏమియు దొరకలేదన్నారు. రెండవసారి తలుపు రబ్బరు మార్చినారు, నీరు ఆగలేదు. మూడవసారి, మూడు జాబ్ కార్డులూ చూచిన పెద్ద మెకానిక్కు పైకప్పు కిటికీ అంచున నీళ్ళు పోసి చూచినాడు. ఆ నీటిని క్రిందికి దించు సన్నని గొట్టము స్తంభము లోపల ఊడి ఉన్నది. అరగంట పని. తివాచీ మొత్తము ఊడదీసి, ఆరబెట్టి, తీగలను పరీక్షించి ఇచ్చినారు.

పొక్కు అట్లే ఉన్నది. మొన్న మా మామ కొడుకు స్నేహితుడు కారు తీసికొనుటకు పోవుచు ఆయనను తోడు రమ్మన్నాడట. మామ పైకప్పున్న షోరూములో కారును చూడనని పట్టుబట్టి, దానిని ఎండలోనికి తెప్పించి, వాకిట నీళ్ళ గొట్టము ఎక్కడున్నదని అడిగినారట.