అప్‌డేట్ చెడితే నష్టం ఎవరిది?

2024 జూలై 19, శుక్రవారం నాడు శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. కంప్యూటర్లు లేచే స్థితిలో లేవు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ మన టైము ప్రకారం ఆ ఉదయం 9.39కి ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటా ఉన్న తన ఖాతాదారుల కంప్యూటర్లకు పంపింది. 78 నిమిషాల్లో తప్పు కనిపెట్టి వెనక్కి తీసుకుంది. ఆ లోపే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. ఫైలు వెనక్కి పోయినా పడిపోయినవి వాటంతట అవి లేవలేదు. చాలాచోట్ల మనిషి ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చెరపాల్సి వచ్చింది. విమానాలు ఆగాయి కాబట్టి ఇది వార్తయింది. ఇదే జబ్బు చిన్న మోతాదులో వెబ్‌సైట్లను పట్టుకున్నప్పుడు ఏ పేపరూ రాయదు. సైటు యజమాని ఒక్కడే తల పట్టుకుంటాడు.

చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్లలో ఒక బంగారు దుకాణమో, కాలేజీయో, లాడ్జియో వెబ్‌సైట్ పెట్టుకోవాలంటే సులువైన దారి వర్డ్‌ప్రెస్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు దాని మీదే నడుస్తున్నాయి. వర్డ్‌ప్రెస్ అసలు భాగం చిన్నది. మిగతా పనులన్నీ ప్లగిన్లవి. ఫారం నింపించడానికి ఒకటి, ఫొటోలు చూపడానికి ఒకటి, డబ్బు కట్టించుకోవడానికి ఒకటి, బ్యాకప్ తీయడానికి ఇంకొకటి. ఒక్కోదాన్ని ఒక్కో దేశంలో ఒక్కొక్కరు రాశారు. ఒకరు రాసింది మరొకరు చదివి ఉండరు. అప్‌డేట్ కొట్టాక తెర తెల్లబడితే యజమాని అనేది ఒకే మాట: నిన్నటిదాకా బాగానే ఉంది. ప్లగిన్ రాసినవాళ్ల జవాబూ ఒకటే: మా దగ్గర బాగానే పనిచేస్తోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ప్లగిన్ విడిగా బాగానే ఉంది, సైటూ విడిగా బాగానే ఉంది. కలిసిన చోటే చెడింది. కాబట్టి కలిసే చోటును ముందుగా పరీక్షించాల్సిన బాధ్యత ఎవరిది అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ పనిని ఇన్నాళ్లూ తయారీదారు చేయకుండా, వాడేవాడికి చెప్పకుండా వాడేవాడి మీదికే తోసేశారన్నది నా వాదన.

దీనికి మొదటగా వచ్చే సమాధానం లెక్కల రూపంలో ఉంటుంది. ఒక సైట్లో ఇరవై ప్లగిన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి వాడుకలో మూడేసి వెర్షన్లు ఉన్నాయనుకుందాం. ఇరవై మూళ్లను వరుసగా ఒకదానితో ఒకటి గుణిస్తే 348 కోట్ల పైచిలుకు కూర్పులు వస్తాయి. సెకనుకొకటి చొప్పున పరీక్షించినా నూట పదేళ్లు పడుతుంది. పైగా వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల జాబితాలో ఉన్నవి ఇరవై కాదు, దాదాపు అరవై వేలు. సర్వర్ల రకాలు, ఫోన్లు, బ్రౌజర్లు వేరు. అన్నిటినీ ఎవరు పరీక్షించగలరు అని సాఫ్ట్‌వేర్ కంపెనీలు అడుగుతాయి. లెక్కలో తప్పేమీ లేదు. దాని నుంచి తీసిన తీర్పులోనే తప్పుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో రిచర్డ్ కూన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు సాఫ్ట్‌వేర్ ఎలా చెడుతుందో పాత లోపాల రికార్డులు తిరగేసి చూశారు. వైద్య పరికరాలు, ఒక బ్రౌజర్, ఒక వెబ్ సర్వర్, నాసా వాడిన ఒక డేటాబేస్ వ్యవస్థ వాళ్లు పరిశీలించిన వాటిలో ఉన్నాయి. 2004లో ప్రచురించిన ఫలితం ఆశ్చర్యపరిచేదే. ఒక లోపం బయటపడటానికి ఎన్ని అంశాలు ఒకేసారి కలవాలి అని లెక్కిస్తే, బ్రౌజర్లో 29 శాతం లోపాలకు ఒక్క అంశమే చాలు. రెండు కలిసేసరికి 76 శాతం లోపాలు లెక్కలోకి వచ్చేస్తాయి. సర్వర్లో ఇవి 42, 70 శాతాలు. వైద్య పరికరాల్లో రెండంశాలకే 97 శాతం. ఆరుకు మించి అంశాలు కలిస్తేనే బయటపడే లోపం వాళ్లు చూసిన వాటిలో ఒక్కటీ లేదు. దీని అర్థం చాలా పెద్దది. 348 కోట్ల కూర్పులూ పరీక్షించనక్కర్లేదు. ఏ రెండు ప్లగిన్ల ఏ రెండు వెర్షన్లు తీసుకున్నా ఆ జంట కనీసం ఒక పరీక్షలోనైనా కలిసేలా చూస్తే లోపాల్లో అధిక భాగం దొరుకుతుంది. ఒకే పరీక్షలో ఇరవై ప్లగిన్లూ ఉంటాయి కాబట్టి నూట తొంభై జంటలు ఒక్క దెబ్బకు పరీక్షకు వస్తాయి. తెలివిగా అమరిస్తే మన ఉదాహరణకు రెండు డజన్ల లోపు పరీక్షలు సరిపోతాయి. 348 కోట్లెక్కడ, రెండు డజన్లెక్కడ! పరీక్షలు నడిపించేది కంప్యూటరే కనుక దీన్ని భరించలేని ఖర్చు అనడం కుదరదు.

వర్డ్‌ప్రెస్ చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2020 ఆగస్టు 11న 5.5 వెర్షన్ వచ్చింది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో పాతబడిన పిలుపులను అర్థం చేసుకోవడానికి ఉంచిన జేక్వెరీ మైగ్రేట్ అనే సహాయక ఫైలును అందులో తీసేశారు. తీసేస్తామని ముందే చెప్పారు కూడా. అయినా ఏళ్ల తరబడి ముట్టుకోని ప్లగిన్లు, థీములు అనేకం ఆ ఫైలు మీదే బతుకుతున్నాయి. వెర్షన్ మార్చగానే ఎన్నో సైట్లలో మెనూలు తెరుచుకోలేదు, బటన్లు నొక్కితే పలకలేదు. చివరికి తీసేసిన ఫైలును మళ్లీ తెచ్చి పెట్టేందుకు వర్డ్‌ప్రెస్ బృందమే మరో ప్లగిన్ విడుదల చేయాల్సి వచ్చింది. లక్షకు పైగా సైట్లు దాన్ని పెట్టుకున్నాయి. ఇక్కడ చెడినది రెండు అంశాల కలయికే: కొత్త వెర్షన్, పాత ప్లగిన్. జంటల పరీక్షలో మొదటి రోజే పట్టుబడే రకం. విచిత్రమేమంటే, ప్లగిన్లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యే మీట యజమానుల చేతికి వచ్చింది కూడా ఆ 5.5లోనే. ఇక ప్లగిన్ పేజీలో ఫలానా వెర్షన్ దాకా పరీక్షించాం అని కనిపించే వరుసను పూర్తిగా నమ్మలేం. అది ప్లగిన్ రాసినవారు తమకు తామే ఇచ్చుకునే ధ్రువపత్రం.

క్రౌడ్‌స్ట్రైక్ తర్వాత విడుదల చేసిన విచారణ నివేదిక చదివినా ఇదే బయటపడుతుంది. అక్కడ నిబంధన 21 గడులు ఉంటాయని చెప్పింది, కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం 20 గడులే నింపి ఇచ్చింది. అంతకుముందు వచ్చిన ఫైళ్లలో 21వ గడిలో ఏదైనా సరే అన్న గుర్తు ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ చదవలేదు, తేడా తెలియలేదు. జూలై 19 ఫైలు తొలిసారి ఆ గడిలో నిజమైన విలువ అడిగింది. లేని గడిని చదవబోయి విండోస్ కూలింది. పంపే ముందు ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రాం కూడా 21 ఉన్నాయనే నమ్మి వదిలేసింది. మళ్లీ రెండే అంశాలు. ఆ ఫైలును నిజమైన విండోస్ కంప్యూటర్ మీద ఒక్కసారి నడిపి ఉంటే కథ అక్కడితో ఆగేది. లేదా మొదట కొద్ది కంప్యూటర్లకు పంపి, గంటసేపు చూసి, తర్వాత మిగతావాటికి పంపి ఉన్నా ఆగేది. విడతలవారీగా పంపే ఏర్పాటు ఆ సంస్థ తర్వాత చేసుకుంది. రెండో దారిని నేను ఎక్కువగా పట్టుకుంటాను. ఎందుకంటే జంటల పరీక్షకు దొరకని లోపాలు కొన్ని ఎప్పుడూ మిగులుతాయి. అవి పదిమందికి తగిలినప్పుడు బయటపడతాయా, పది లక్షలమందికి తగిలాక బయటపడతాయా అన్నది పూర్తిగా పంపేవాడి చేతిలో ఉంది.

పంపిన తర్వాత వెనక్కి తిప్పే వీలు మరో రక్షణ. వర్డ్‌ప్రెస్ ఇక్కడ నెమ్మదిగానైనా మెరుగుపడింది. క్రౌడ్‌స్ట్రైక్ ఘటనకు మూడు రోజుల ముందు, 2024 జూలై 16న వచ్చిన 6.6 వెర్షన్ నుంచి, ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయిన ప్లగిన్ సైటును పడగొడితే పాత వెర్షన్ దానంతట అదే తిరిగి వస్తుంది. మెచ్చుకోవాల్సిందే. అయితే అది పట్టుకునేది సర్వర్లో ప్రోగ్రాం పూర్తిగా ఆగిపోయే రకం లోపాన్నే. పేజీ చక్కగా తెరుచుకుని డబ్బు కట్టే బటన్ మాత్రం చచ్చిపడి ఉంటే దానికి తెలియదు. దుకాణం తలుపు తీసే ఉంది, గల్లాపెట్టె తాళం పడింది. కొన్ని నష్టాలను అసలు వెనక్కి తిప్పలేం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల ప్రాసెసింగ్‌లో తప్పులు దొర్లాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన విద్యార్థులందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. మార్కులు సరిదిద్దవచ్చు, ఫలితాలు చూసి ప్రాణాలు తీసుకున్న పిల్లలను తెచ్చివ్వలేరు. మనుషుల జీవితాలకు నేరుగా తగిలే సాఫ్ట్‌వేర్ విషయంలో తర్వాత సరిచేస్తాంలే అనే మాట అందుకే చెల్లదు.

బలమైన అభ్యంతరం భద్రత వైపు నుంచి వస్తుంది. పరీక్షలంటూ ఆలస్యం చేస్తే దొంగలు ముందే దూరతారు కదా? దీనికి సాక్ష్యం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దొంగ ప్రోగ్రాం ప్రపంచమంతా పాకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అప్‌డేట్లన్నీ ఆపేసుకోండి అని సలహా ఇచ్చేవాళ్లు ఈ తేదీలను గుర్తుపెట్టుకోవాలి. అయితే ఈ అభ్యంతరం తొందరపాటును పూర్తిగా సమర్థించదు. రంధ్రం పూడ్చే పది వరుసల మార్పు వేరు, దానితో పాటు మూటగట్టి పంపే కొత్త రంగులు, కొత్త మెనూలు, మార్చిన ధరల పేజీ వేరు. మొదటిది వెంటనే రావాలి, రెండోది నెమ్మదిగా వచ్చినా కొంపలు మునగవు. వర్డ్‌ప్రెస్ అసలు భాగం 2013లో వచ్చిన 3.7 నుంచి ఈ తేడా పాటిస్తోంది. చిన్న భద్రతా సవరణలు దానంతట అదే తెచ్చుకుంటుంది, పెద్ద మార్పులను విడిగా ఉంచుతుంది. చాలా ప్లగిన్లు రెండిటినీ ఒకే పొట్లంలో కడతాయి. అలా కట్టిన అప్‌డేట్ వేసుకున్నా భయమే, వేసుకోకున్నా భయమే. యజమానుల విసుగులో సగం ఇక్కడే పుడుతుంది.

ఉచితంగా ఇచ్చినదాన్ని తప్పుపడతావా అన్నది ఇంకో మాట. పగలు ఉద్యోగం చేసి రాత్రి ప్లగిన్ రాసి ఊరికే ఇచ్చే మనిషి విషయంలో ఆ మాటకు తల వంచాలి. అతని మీద కేకలు వేయడం అన్యాయం. కానీ మార్కెట్లో పేరున్న ప్లగిన్లు చాలావరకు ఉచితం ముసుగులో నడిచే వ్యాపారాలు. పై మెట్టు వెర్షన్‌కు ఏటేటా చందా వసూలు చేస్తాయి. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఉత్పత్తి బాధ్యత ఆదేశం ఈ తేడాను చట్టంలోనే రాసింది. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఉత్పత్తిగానే లెక్కించింది, వ్యాపారం కాకుండా ఉచితంగా ఇచ్చే ఓపెన్ సోర్స్‌ను మినహాయించింది. సభ్య దేశాలు దాన్ని 2026 డిసెంబరులోగా తమ చట్టాల్లో చేర్చాలి. మన దేశంలోనూ డబ్బు తీసుకున్నవాడి మీద బాధ్యత ఉండాలన్న ఈ సూత్రం రావాలి.

బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదు, నకలు సైట్లో ముందు ఎందుకు చూసుకోలేదు అని యజమానినే నిలదీసేవాళ్లూ ఉన్నారు. పెద్ద కంపెనీకి ఆ ప్రశ్న న్యాయమే, దానికి మనుషులున్నారు. ప్రొద్దుటూరు దుకాణదారుకు సైటు కట్టిచ్చిన కుర్రాడు తప్ప ఇంకెవరూ లేరు, ఆ కుర్రాడికీ వేరే పదిమంది ఖాతాదారులున్నారు. అయినా కంపెనీలు మారేదాకా నష్టం మోసేది మీరే కనుక, సైటు చూసేవారిని మూడు విషయాలు అడగండి: బ్యాకప్ ఆ సర్వర్లోనే కాక బయట ఎక్కడైనా ఉందా, దాని నుంచి సైటును ఒక్కసారైనా తిరిగి నిలబెట్టి చూశారా, డబ్బు కట్టే ప్లగిన్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఒక రూపాయి ఆర్డరు పెట్టి చూస్తున్నారా. ఏడాది చందా కట్టే ముందు కంపెనీని కూడా ఒక ప్రశ్న అడగండి: అప్‌డేట్‌ను విడతలవారీగా పంపుతారా, అందరికీ ఒకేసారి పంపుతారా? సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి.