విద్యా చిత్రాలు - వైకల్య అధ్యయనం
ఆనాటి సమాజం వికలాంగులను ఏ దృష్టితో చూసినదో తెలుసుకొనుటకు పాత విద్యా, ప్రచార చిత్రాలు మంచి ఆధారాలు. 1917 నాటి అమెరికా మూకీ చిత్రం "ది బ్లాక్ స్టార్క్" ఇందుకు ఉదాహరణ.

1915లో చికాగో వైద్యుడు హ్యారీ హైసెల్డన్ వైకల్యంతో పుట్టిన ఒక శిశువుకు శస్త్రచికిత్స చేయ నిరాకరించగా ఆ బిడ్డ మరణించినది. ఈ ఉదంతం ఆధారంగా యూజెనిక్స్ ప్రచారానికి తీసిన చిత్రంలో వైద్యునిగా ఆయనే నటించాడు. కథలో బిడ్డ దుర్భర భవిష్యత్తు తల్లికి దర్శనంగా గోచరించగా, ఆమె శిశు మరణానికి అంగీకరిస్తుంది. బ్రతకని బిడ్డ బ్రతుకును ఇతరులే ఊహించి, దానిని శాస్త్రమని బోధించారు! విద్యార్థులు పరిశీలించవలసినది ఈ ఊహనే.

2020 నాటి "క్రిప్ క్యాంప్" డాక్యుమెంటరీతో పోల్చినచో భేదం తెలుస్తుంది. దర్శకులలో ఒకరైన జేమ్స్ లెబ్రెక్ట్ స్వయంగా వికలాంగుడు. 1977లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించిన వికలాంగులు ఇందులో తమ కథ తామే చెబుతారు.