కూలర్ గాలి కంపు కొడుతోందా?

షోలాపూర్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇళ్లలో కూలర్ లేనిదే కన్ను మూతపడదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి నిద్ర కావాలి కదా! కానీ స్విచ్ వేయగానే చేపల కంపో, ముక్కిపోయిన తడిబట్టల వాసనో వస్తే?

దానికి మూలం తొట్టిలో నిలవున్న నీళ్లు, ఎప్పుడూ ఆరని గడ్డి. మగ్గాల పక్కనుండే మన ఇళ్లలో నూలు నూగు కూడా గడ్డికి పట్టుకుంటుంది. తడికి అదంతా పాచిపోతుంది.

ముందు ప్లగ్ పీకండి. నీళ్లు పూర్తిగా పారబోసి, తొట్టి గోడలు, మూలలు బ్రష్‌తో గట్టిగా తోమండి. ఊరికే నీళ్లు మారిస్తే చాలదు. డెంగ్యూ దోమ గుడ్లు తొట్టి గోడలకే అంటుకొని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు తగిలాక గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి తోమాల్సిందే. గడ్డిని ఎండలో ఆరబెట్టండి. నల్లబడితే మార్చేయండి.

రోజూ చేయాల్సింది ఒక్కటే. కూలర్ కట్టేసే ముందు నీళ్ల పంపు ఆపి, పావుగంట ఫ్యాన్ మాత్రమే తిప్పండి. గడ్డి ఆరుతుంది, కంపు పుట్టదు. కూలర్ నడిచేటప్పుడు ఒక కిటికీ తెరిచి ఉంచండి. లేకుంటే చెమ్మ లోపలే తిరుగుతుంది.

వాసన పోవాలని నీళ్లలో ఫినాయిలు, అత్తరు పోయకండి. ఆ గాలినే మన పిల్లలు పీలుస్తారు. కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే కరెంటు ఆపి మిస్త్రీని పిలవండి. ఇనుప కూలర్లో నీళ్లు పోసేటప్పుడు కూడా ప్లగ్ తీశాకే పోయండి.