సంస్థ చేసిన నేరమునకు బాధ్యులెవరు?

ఒక మనిషి నిర్లక్ష్యము వలన మరియొకరు మరణించినచో నేరమెవరిదో చెప్పుట సులభము. ఒక కంపెనీయో, పురపాలక సంఘమో నిర్లక్ష్యము వహించినచో ఎవరిని బోనులో నిలుపవలెను? సంస్థకు దేహము లేదు. దానిని చెరసాలలో పెట్టజాలము. ఈ చిక్కును విప్పుటకు బ్రిటన్ చేసిన ప్రయత్నమును పంచాయతీ సభ్యులకు తెలియజేయదలచితిమి.

1987 మార్చి 6వ తేదీన బెల్జియములోని జీబ్రుగ్ రేవునుండి బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అను ఓడ కొలది నిమిషములకే ఒరిగిపోయినది. 193 మంది మరణించిరి. వాహనములు ఎక్కించు ముందు తలుపులు తెరచియుండగనే ఓడ కదలినది. వానిని మూయవలసిన ఉద్యోగి తన గదిలో నిద్రించుచుండెను. అయితే తప్పు అతనితో ఆగలేదు. తలుపులు మూసినదీ లేనిదీ తెలుపు దీపము కావలెనని కెప్టెన్లు ముందే కోరినను యాజమాన్యము లక్ష్యపెట్టలేదని విచారణలో తేలినది.

1990లో కంపెనీపై నరహత్యాభియోగము న్యాయస్థానమునకు వచ్చి వీగిపోయినది. సంస్థను నడుపు ఉన్నతాధికారి ఒకడు స్వయముగా ఆ నేరము చేసినట్లు రుజువు కావలెనని నాటి న్యాయసూత్రము. పదిమంది మధ్య పంచబడిన తప్పు ఏ ఒక్కరిపైనను పూర్తిగా నిలువలేదు.

స్థానిక సంస్థల విషయమున కూడ ఇట్లే జరిగినది. 2002లో ఉత్తర ఇంగ్లండులోని బారో పట్టణమున, పురపాలక సంఘపు కళాకేంద్రములోని ఎయిర్ కండిషనింగు యంత్రమునుండి క్రిములు వ్యాపించి 7 మంది మరణించిరి. సంఘము నరహత్యాభియోగమునుండి విడుదలైనది. భద్రతాచట్టమును ఉల్లంఘించినందుకు మాత్రము 2006లో 1,25,000 పౌండ్ల జరిమానా పడినది.

ఈ లోటు తీర్చుటకు 2007లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. అది 2008 ఏప్రిల్ 6 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, పని నిర్వహించిన తీరులో ఘోరమైన లోపముండి, అందు ఉన్నత యాజమాన్యమునకు ముఖ్యభాగమున్నచో సంస్థయే దోషి. జరిమానాకు పరిమితి లేదు. లోపమును సరిదిద్దుమనియు, తన నేరమును బహిరంగముగ ప్రకటించుమనియు న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. స్థానిక సంస్థలకును ఈ చట్టము వర్తించును.

దీనిక్రింద మొదటి శిక్ష 2011లో పడినది. నేల పరీక్షకై త్రవ్విన 3 మీటర్లకు మించిన గోతిలో, ఊతము లేని ప్రక్కలు విరిగిపడి, ఒంటరిగా పనిచేయుచున్న ఒక యువ భూగర్భశాస్త్రజ్ఞుడు 2008లో మరణించెను. కంపెనీకి 3,85,000 పౌండ్ల జరిమానా విధింపబడినది. అయితే అది చిన్న కంపెనీ. పెద్ద సంస్థలపై ఈ చట్టమెంత గట్టిగా పనిచేయునను ప్రశ్న మిగిలియేయున్నది.

మన దేశమున ఇట్టి ప్రత్యేక చట్టము లేదు. నిర్లక్ష్యము వలన కలుగు మరణమునకు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను వర్తించుచున్నది. అయినను చట్టదృష్టిలో గ్రామ పంచాయతీయు ఒక సంస్థయే. పైపుల కొరకు కందకము త్రవ్వించునపుడు, నీళ్ల ట్యాంకులోనికి మనిషిని దింపునపుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: జాగ్రత్త తీసికొనువారెవరు? తీసికొన్నట్లు చూచువారెవరు? ఆ పేర్లను పని మొదలిడక పూర్వమే నిర్ణయించి, మినిట్సు పుస్తకములో వ్రాసికొనుట మేలు.