కన్నంత మాత్రాన గార్డియన్లు కారు

ఆటిజమో, మేధో వైకల్యమో ఉన్న పిల్లల ఇళ్లలో ఒక మాట పాతుకుపోయింది: "కన్నవాళ్లం మేముండగా గార్డియన్‌షిప్ ఏమిటి?" ఈ ధీమా ఖరీదు తండ్రి పోయాక గానీ తెలియదు. బ్యాంకు డిపాజిట్, ఊళ్లో పొలంలో వాటా, ఫ్యామిలీ పెన్షన్ అన్నీ ఒక్కసారే చిక్కుల్లో పడతాయి. ఎందుకంటే వైకల్యం ఉన్నా ముప్పయ్యేళ్ల కొడుకు చట్టం దృష్టిలో మేజరు. 1875 నాటి చట్టం ప్రకారం 18 నిండితే మేజరే, అక్కడితో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం ముగిసినట్టే. వైకల్యం ఉంది కదా అని అది దానంతటది కొనసాగదు. విత్‌డ్రాయల్ ఫారం మీద అతని బదులు తల్లి చేసే సంతకం చెల్లదు. ఏముందో తెలియని కాగితం మీద అతని చేత వేయించే వేలిముద్ర ఇంకా ప్రమాదం. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే అంటారు. తెలిసిన మేనేజరు బదిలీ అయ్యేదాకా అడగరు మరి! సదరం సర్టిఫికెట్ ఉందిగా అనేవాళ్లకు ఒకటే జవాబు: అది వైకల్యం ఎంత శాతమో చెబుతుంది, సంతకం ఎవరు చేయాలో చెప్పదు.

గార్డియన్‌షిప్ కోసం కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం కూడా చాలావరకు ఉత్తదే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం జిల్లాకో కమిటీ పెట్టమంది. కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో ఉంటారు. గార్డియన్‌ను నియమిస్తూ ఆ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌తో ఖాతాలు నడపనివ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. కౌంటర్ దగ్గర కాదూ కూడదంటే ఆ సర్క్యులర్ ప్రతి ముందు పెట్టండి. స్కిజోఫ్రీనియా లాంటి మానసిక రుగ్మతలకు మాత్రం ఈ దారి లేదు. గార్డియన్ అంటే ఆస్తికి యజమాని అనుకునే బంధువులూ ఉన్నారు. నిజానికి గార్డియన్ నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు కమిటీకి అప్పజెప్పాలి. సొమ్ము కాజేస్తే తొలగిస్తారు.

గార్డియన్‌షిప్ తీసుకుంటే ఆ మనిషికి ఇక నోరే ఉండదన్న విమర్శను మాత్రం కొట్టిపారేయలేం. అన్నిటికీ మేమే అనే పెద్దలు తక్కువేం కాదు. అందుకే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇద్దరూ కలిసి నిర్ణయించుకునే పరిమిత సంరక్షకత్వం తెచ్చింది. నేషనల్ ట్రస్ట్ కమిటీ కూడా అసలు గార్డియన్ అవసరమా, ఏ పనులకు అవసరం అన్నది చూడాల్సిందే. కాబట్టి దరఖాస్తులో బ్యాంకు, ఆస్తి, వైద్యం అంటూ నిజంగా సాయం కావలసినవే రాయండి. మీ బిడ్డ కొట్టుకెళ్లి పాల ప్యాకెట్ కొని చిల్లర లెక్కపెట్టుకు రాగలిగితే ఆ డబ్బు జోలికి మీరు పోకండి. తల్లిదండ్రులిద్దరూ ఉండగానే ఉమ్మడిగా దరఖాస్తు చేయండి. మీ తర్వాత ఆ బాధ్యత వారసత్వంగా ఎవరికీ రాదు. తోబుట్టువులైనా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. చెల్లెలు చూసుకుంటుందిలే అని మీలో మీరు అనుకోకుండా ముందు ఆమెను అడగండి. ఒప్పుకుంటే ఖాతాల వివరాలు, పొలం కాగితాల నకళ్లు ఇప్పుడే ఆమె చేతిలో పెట్టండి.