పెరటి కుంటలో తాబేళ్ళు, చేపలు: కలిపి పెంచడానికి షరతులు

పెరట్లో చిన్న నీటి కుంట కట్టుకొని, అందులో రంగు చేపలతో పాటు ఒకటి రెండు తాబేళ్ళను పెంచాలన్న ఆసక్తి నేడు చాలా కుటుంబాలలో కనిపిస్తున్నది. సలహా కోరి వచ్చే గృహస్థు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: తాబేలు చేపలను తింటుందా? తింటుంది. అయితే విస్తరణ శాస్త్రవేత్త ఈ సమాధానంతో ఆగిపోరాదు. తాబేలు నోటికి చిక్కే చేప ఒకటైతే, అది పాడుచేసిన నీటిలో కుంటలోని చేపలన్నీ ఒక్క రాత్రిలో చనిపోయే ప్రమాదం ఉన్నది. అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి కలదు. ఆ తాబేలు ఏ జాతికి చెందినది? దానిని ఇంట్లో ఉంచుకొనుటకు చట్టం అనుమతిస్తుందా? ఈ అంశాలను అదే వరుసలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట జాతిని గుర్తించాలి

మన చెరువుల్లో, పంట కాలువల్లో, చేపల గుంటల్లో తరచుగా కనిపించేది లిస్సెమిస్ పంక్టేటా అనే మెత్తని డిప్ప తాబేలు. దీని పైడిప్పపై గట్టి పలకలు ఉండవు. నున్నని తోలు కప్పి ఉంటుంది. ముక్కు గొట్టంలా ముందుకు పొడుచుకొని వస్తుంది. కాళ్ళు లోపలికి ముడుచుకొన్నప్పుడు వెనుక కాళ్ళను కప్పే చర్మపు మడతలు కింది డిప్పకు ఉంటాయి. ఎండకాలంలో కుంట ఎండిపోతే ఇది బురదలో దాగి వానల కోసం నిరీక్షిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఈ జాతి ఉన్నది. కనుక దీనిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలు శిక్షతో పాటు జరిమానా కూడా ఉంటుంది. పొలం కాలువలో దొరికిన తాబేలును పిల్లల ముచ్చట కోసం ఇంటికి తెచ్చుకొనే రైతుకు ఈ సంగతి తెలియకపోవచ్చు. తెలియజెప్పడం మన బాధ్యత.

నక్షత్ర తాబేలు విషయంలో మరొక పొరపాటు జరుగుతుంటుంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో సంరక్షిస్తున్న తాబేళ్ళు ఈ జాతివే. ఇది మెట్ట ప్రాణి, ఈదలేదు, లోతైన నీటిలో వేస్తే మునిగి చనిపోతుంది. ఇది కూడా చట్ట రక్షణ పొందిన జాతియే.

రంగు చేపల దుకాణాల్లో అమ్మే చిన్న ఆకుపచ్చని తాబేలు ఎక్కువగా ఎర్రచెవి తాబేలు. కంటి వెనుక ఎర్రని పట్టీ దీని గుర్తు. దీని స్వస్థలం అమెరికా దక్షిణ ప్రాంతాలు, ఉత్తర మెక్సికో. గుడ్డు నుండి వచ్చినప్పుడు సుమారు 3 సెం.మీ. ఉండే ఈ పిల్ల, పెరిగిన తరువాత 15 నుండి 30 సెం.మీ. వరకు చేరుతుంది, 20 నుండి 30 సంవత్సరాలు జీవిస్తుంది. కొనే రోజున అరచేతిలో ఇమిడే ప్రాణికి రెండు దశాబ్దాలకు పైగా నీరు, తిండి, చోటు సమకూర్చవలసి ఉంటుందని కొనుగోలుదారుకు ముందే చెప్పాలి. ఇకపై ఇచ్చిన సూచనలు ఇప్పటికే ఈ జాతిని పెంచుతున్న కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి.

నీటి లెక్క

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గినా దానికి ఇబ్బంది ఉండదు. తాబేలు రాతిపై హాయిగా ఎండ కాగుతున్న కుంటలోనే చేపలు ఉపరితలానికి వచ్చి నోరు తెరుస్తూ ఉండవచ్చు. కాబట్టి తాబేలు ఆరోగ్యాన్ని చూసి నీటి నాణ్యతను అంచనా వేయరాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక పెద్ద తాబేలుకు రోజుకు 40 శాతం మాంసకృత్తులు గల గుళికల మేత 20 గ్రాములు వేశామనుకుందాం. అందులో మాంసకృత్తులు 8 గ్రాములు. మాంసకృత్తులలో నత్రజని 16 శాతం చొప్పున సుమారు 1.3 గ్రాములు. ఇందులో మూడు వంతులు విసర్జనగా, తినక మిగిలిన మేతగా నీటిలో చేరితే దాదాపు 1 గ్రాము అమ్మోనియా నత్రజని అవుతుంది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు గల కుంటలో 6,000 లీటర్ల నీరు ఉంటుంది. అందులో ఇది లీటరుకు 0.16 మి.గ్రా. మాత్రమే. అదే తాబేలును 1,000 లీటర్ల సిమెంటు తొట్టిలో ఉంచితే రోజుకు లీటరుకు 1 మి.గ్రా. వంతున పేరుకుంటుంది.

ఈ అమ్మోనియా ఎంత విషపూరితమన్నది నీటి ఉదజని సూచికపై, ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కంటే తక్కువ భాగమే చేపలకు హాని చేసే వాయురూపంలో ఉంటుంది. సూచిక 8 అయితే అది దాదాపు 7 శాతానికి, 9 అయితే సుమారు 45 శాతానికి చేరుతుంది. పచ్చగా నాచు పట్టిన కుంటలో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వలన ఉదజని సూచిక 9 దాటడం అసాధారణం కాదు. ఉదయం పరీక్షలో నిరపాయంగా కనిపించిన నీరు మధ్యాహ్నం మూడు గంటలకు ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే. కనుక కరిగిన ప్రాణవాయువును తెల్లవారుజామున, ఉదజని సూచికను, అమ్మోనియాను మధ్యాహ్నం పరీక్షించాలి.

నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఈ మార్పుకు ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. పై ఉదాహరణలోని 6,000 లీటర్ల కుంటలో ఈ ఖర్చు రోజుకు లీటరుకు 0.8 మి.గ్రా. లోపే. 1,000 లీటర్ల తొట్టిలో మాత్రం అది 4 మి.గ్రా. దాటుతుంది. 30 డిగ్రీల వద్ద నీరు ఇముడ్చుకోగల ప్రాణవాయువు మొత్తం లీటరుకు 7.5 మి.గ్రా. మాత్రమేనని గుర్తుంచుకుంటే, చిన్న తొట్టిలో చేపలు ఎందుకు బ్రతకవో బోధపడుతుంది. చేపలకు ఇది లీటరుకు 5 మి.గ్రా. తగ్గకుండా ఉండటం శ్రేయస్కరం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే సున్నం చల్లడం చాలామందికి అలవాటు. అమ్మోనియా పేరుకొన్న నీటిలో కాల్చిన సున్నం వేస్తే ఉదజని సూచిక పెరిగి, ఉన్న అమ్మోనియాయే మరింత విషంగా మారుతుంది. అటువంటప్పుడు మేత ఆపి, మూడవ వంతు నీరు మార్చి, గాలి పంపు నడపాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక దానిని ఒక రోజు నిలవ ఉంచి వాడాలి.

ఏ చేపలు తగును?

ఎర్రచెవి తాబేలు పిల్ల దశలో ఎక్కువగా మాంసాహారి. పెద్దదైన కొద్దీ ఆకులు, నీటి మొక్కలు ఎక్కువగా తింటుంది. అయినా దొరికిన చేపను విడిచిపెట్టదు. మింగలేనంత పెద్ద చేపనైనా రాత్రివేళ అది కదలక నిలిచినప్పుడు రెక్కలు, తోక కొరుకుతుంది. ఆ గాయాలపై బూజు, బాక్టీరియా వ్యాధులు సోకుతాయి.

పొడవైన తోక గల, మెల్లగా ఈదే బంగారు చేపలు ఈ కుంటకు పనికిరావు. త్వరగా ఈదే, తాబేలు తలకంటే చాలా పెద్దవైన కోయి, బంగారు తీగ వంటివి కొంతవరకు తట్టుకుంటాయి. గప్పీల వంటి చిన్న చేపలు దోమ పిల్లలను తింటాయి. దట్టమైన మొక్కల చాటు ఉంటేనే అవి మిగులుతాయి. సక్కర్ చేపను వేయరాదు. దాని ముళ్ళు తాబేలు గొంతులో చిక్కుకోగలవు. పైగా అది మన సహజ జలాల్లోకి చేరి విస్తరిస్తున్న విదేశీ జాతి. పోగొట్టుకోలేని ఖరీదైన చేప ఏదీ ఈ కుంటలో ఉండరాదన్నది సులభమైన సూత్రం.

చైనాలో మెత్తని డిప్ప తాబేళ్ళను చేపలతో కలిపి చెరువుల్లో పెంచుతారు గదా అని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. అక్కడ అది ఆహారం కోసం పెంచే జాతి. తాబేలు విసర్జనాల వలన పెరిగే ప్లవకాలను వెండి చేప వంటివి తిని నీటిని అదుపులో ఉంచుతాయి. మన దేశపు తాబేళ్ళకు చట్ట రక్షణ ఉన్నందున ఆ పద్ధతిని ఇక్కడ అనుకరించే వీలు లేదు.

కుంట నిర్మాణంలో పాటించవలసినవి

1. లోతు కనీసం 1 మీటరు ఉండాలి. మూడవ వంతు భాగానికి నీడ కల్పిస్తే వేసవిలో నీరు మితిమీరి వేడెక్కదు.

2. తాబేలు పూర్తిగా నీటి నుండి బయటకు వచ్చి ఎండ కాగేందుకు ఏటవాలు రాయి లేదా చెక్క దిమ్మె అమర్చాలి. నేరుగా పడే ఎండలోని అతినీలలోహిత కిరణాలు లేకుంటే సున్నపు ధాతువు ఒంటబట్టక డిప్ప మెత్తబడుతుంది. గాజు వెనుక పడే ఎండ ఇందుకు ఉపకరించదు.

3. చేపలు దాగుటకు తాబేలు డిప్ప వెడల్పుకంటే సన్నని గొట్టపు ముక్కలు ఉంచాలి. ఒక మూలను వలతో వేరు చేసి మొక్కలను అందులో నాటితే తాబేలు వాటిని పెకలించదు.

4. పంపు నీరు లాగే చోట జాలీ తప్పనిసరి. అక్కడ చిక్కుకొన్న తాబేలు గాలి అందక చనిపోతుంది.

5. చుట్టూ నున్నని గోడ కట్టి, పై అంచును లోపలికి వంచాలి. తాబేలు ఎక్కడంలో నేర్పరి.

మేత, పరిశుభ్రత

తాబేలుకు చేపలనే మేతగా వేయడం సరికాదు. బంగారు చేప, బంగారు తీగల శరీరంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అవే ఆహారమైతే తాబేలుకు బి1 విటమిన్ లోపం వస్తుంది. గుళికల మేతతో పాటు తోటకూర వంటి ఆకుకూరలు, నీటి మొక్కలు ఇవ్వాలి. పది, పదిహేను నిమిషాల్లో తినగలిగినంతే వేసి, మిగిలినది తీసివేయాలి.

ఆరోగ్యంగా కనిపించే తాబేలు కూడా సాల్మొనెల్లా బాక్టీరియాను మోస్తూ ఉండవచ్చు. పిల్లలకు సోకుతున్న ఈ వ్యాధి కారణంగానే అమెరికా 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించినది. తాకిన తరువాత సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్ళలోపు పిల్లలను దూరంగా ఉంచాలి. తొట్టి సామగ్రిని వంటింట్లో కడగరాదు. కుంట నుండి తీసిన నీటిలో నైట్రేటు ఉంటుంది కనుక అరటి, కొబ్బరి, పూల మొక్కలకు పారించవచ్చు. పచ్చిగా తినే కూరగాయలకు, ఆకుకూరలకు మాత్రం వాడరాదు.

వద్దనుకున్నప్పుడు

తాబేలు పెరిగి భారమైనప్పుడు చెరువులోనో, పుణ్యమని ఆలయ కోనేటిలోనో వదలడం అన్నిటికంటే పెద్ద నష్టం. ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఎర్రచెవి తాబేలు ఒకటి. కేరళ, అస్సాం రాష్ట్రాల సహజ జలాల్లో ఇది ఇప్పటికే కనిపించినది. తిండి కోసం, ఎండ కాగే చోటు కోసం ఇది దేశీయ తాబేళ్ళతో పోటీపడుతుంది. వ్యాధులను కూడా మోసుకుపోగలదు. ఐరోపా సమాజం 1997లోనే దీని దిగుమతిని నిలిపివేసినది. మన చట్టానికి 2022లో చేసిన సవరణ, విదేశీ ఆక్రమణ జాతుల వ్యాపారాన్ని, పెంపకాన్ని నియంత్రించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినది. పెంచలేని వారు అటవీ శాఖను గాని, సమీప జంతు ప్రదర్శనశాలను గాని సంప్రదించాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

కొత్తగా కుంట కట్టదలచిన కుటుంబానికి చేపలు, నీటి మొక్కలతో సరిపెట్టుకోవలసినదిగా సలహా ఇవ్వడం ఉత్తమం. ఇప్పటికే ఎర్రచెవి తాబేలు ఉన్నవారికి దానికి ప్రత్యేకంగా ఒక తొట్టి కేటాయించడం మొదటి మార్గం; కనీసం 6,000 లీటర్ల నీరు, గాలి పంపు, వడపోత ఉన్నచోట మాత్రమే కలిపి పెంచడం రెండవ మార్గం. ఇంట్లో ఉన్నది దేశీయ తాబేలని తేలితే మూడవ మార్గం లేదు. ఆ కుటుంబం వెంటనే అటవీ శాఖకు తెలియజేసి, ప్రాణిని అప్పగించేలా చూడాలి.